పదిహేను డాలర్ల షార్డనేలో ఏది మేలు: వెన్న రకమా, పులుపు రకమా?

ఆ శనివారం సాయంత్రం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా డైనింగ్ టేబుల్ మీద ఐదు కాగితం సంచులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో సంచిలో ఒక సీసా షార్డనే, అంటే ఆ పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్. మెడ దగ్గర రబ్బరు బ్యాండు, పొట్ట మీద స్కెచ్ పెన్నుతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. చుట్టూ ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఏ సంచిలో ఏముందో తెలిసింది మా బావగారికి ఒక్కరికే. ఆయన మందు ముట్టరు. సీసాలు చుట్టడం, అంకెలు వేయడం, రాత్రికి కొందరిని ఇళ్ల దగ్గర దింపడం, అన్నీ ఆయనే చూసుకుంటానన్నారు. ఏ అంకె ఏ సీసాదో రాసిన చీటీని మడిచి వంటింట్లో బియ్యం డబ్బా కింద పెట్టి వచ్చారు.

ఇదంతా ఒక పాత తగువు తేల్చుకోవడానికి. మా స్నేహితుల్లో ఎప్పటినుంచో రెండు పార్టీలున్నాయి. వదినకూ ఇంకొందరికీ కాలిఫోర్నియా షార్డనే కావాలి. చిక్కగా, వెన్న వాసనతో, కొంచెం వనిల్లా తగిలేది. నాకూ నా పాత రూమ్మేట్‌కూ ఫ్రాన్స్‌లోని మాకాన్ ప్రాంతం నుంచి వచ్చే రకం ఇష్టం. పల్చగా, పుల్లగా, నిమ్మకాయ కోసినట్టుండేది. రెండూ ఇరవై డాలర్ల లోపే దొరుకుతాయి. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఏ సీసా పట్టుకెళ్లాలన్న దగ్గర వాదన మొదలయ్యేది. లేబుల్ చూసి తాగితే ఎవరి పార్టీ వాళ్లదే గెలుస్తుంది. అందుకే సంచులు.

ముందు ఈ రెండు రకాలకూ తేడా ఎక్కడ వస్తుందో చెప్పాలి. అది తెలిస్తే రుచి చూసేటప్పుడు దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

షార్డనే ద్రాక్షకు తనదంటూ గట్టి వాసన లేదు. మస్కట్ ద్రాక్షలాగా ముక్కుకు తగలదు. వంకాయ లాంటిదనుకోండి, వండేవాళ్ల చెయ్యి అందులో బాగా కనిపిస్తుంది. రసం ఈస్ట్‌తో పులిసి వైన్ అయ్యాక, దాన్ని అలాగే ఉంచేయొచ్చు. లేదా బ్యాక్టీరియాతో ఇంకో మార్పు జరగనివ్వొచ్చు. ఆ మార్పులో పచ్చి యాపిల్‌లో ఉండే మ్యాలిక్ ఆమ్లం, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. నాలుకను కోసే పులుపు పోయి మెత్తటి పులుపు మిగులుతుంది. ఆ పనిలోనే డైఅసిటైల్ అనే పదార్థం కూడా పుడుతుంది. వెన్నకు వెన్న వాసన ఇచ్చేది అదే. పాప్‌కార్న్‌కు వెన్న వాసన తెప్పించడానికి చాలాకాలం కలిపిందీ అదే. అందువల్ల ‘వెన్న రకం’ అనడం కవిత్వం కాదు, గ్లాసులో నిజంగానే ఆ వాసన ఉంటుంది. సంచులు చుట్టేటప్పుడు ఒక సీసా మూత తీసి వాసన చూసి బావగారు, “ఏంటయ్యా ఇది, నెయ్యి కాచిన గిన్నె కడక్కుండా పెట్టినట్టుంది” అన్నారు. జీవితంలో చుక్క తాగని మనిషి ఒక్క పీల్పులో పట్టేశారు.

రెండోది ఓక్ చెక్క. పీపాల్లో నిల్వ ఉంచితే చెక్కలోంచి వనిల్లా వాసన, కాల్చిన బ్రెడ్ వాసన దిగుతాయి. కొత్త పీపాలు చాలా ఖరీదు. అందుకే చవక సీసాల్లో చాలావాటికి స్టీలు ట్యాంకులోనే ఓక్ ముక్కలో, పలకలో వేసి ఆ వాసన తెప్పిస్తారు. అందులో తప్పేమీ లేదు, కానీ ఎక్కువైతే చెక్క చీకినట్టుంటుంది. మాకాన్ వైన్లలో ఎక్కువ శాతం చెక్క తగలకుండా స్టీలు ట్యాంకుల్లోనే తయారవుతాయి.

మూడోది ఎండ. వేడి ప్రాంతంలో పండితే పైనాపిల్, మామిడిపండు రుచుల వైపు పోతుంది, తీపి ఎక్కువ పట్టడం వల్ల ఆల్కహాల్ కూడా పెరుగుతుంది. చల్లటి ప్రాంతంలో పండితే నిమ్మ, పచ్చి యాపిల్ దగ్గరే ఆగుతుంది. అంటే ద్రాక్ష ఒకటే, ఒకచోట బంగినపల్లి, ఇంకోచోట పచ్చి మామిడికాయ.

ఇక ఏర్పాట్లు. ఇందులో ప్రతిదానికీ రెండు పద్ధతులున్నాయి, రెండూ చూశాను.

తలా ఒక సీసా తెచ్చుకోవడమా, ఇంటివాళ్లే కొనడమా? ఇంతకుముందు ఇంకొకరింట్లో తలా ఒకటి తెచ్చే పద్ధతి పెట్టారు. ఎవరి సీసా వాళ్లు వాసనతోనే గుర్తుపట్టారు, పైగా మూడు సీసాలు ఒకే బాపతువి వచ్చాయి. ఒకరే కొని ఖర్చు పంచుకోవడం మేలు. ఐదు సీసాలకు 75 డాలర్ల దాకా అయింది, మనిషికి పది కూడా పడలేదు. కొన్నవాళ్లు చుట్టకూడదు, చుట్టినవాళ్లు తాగకూడదు. అలాగైతేనే ఇంటివాళ్లు కూడా అందరితో పాటు కూర్చోగలరు.

సంచులా, జగ్గులా? జగ్గులో పోస్తే సీసా ఆకారం కూడా తెలియదు, అది నిజమే. కానీ వైన్ త్వరగా వేడెక్కుతుంది, ఒకే రకం జగ్గులు ఐదు ఎవరింట్లో ఉంటాయి? సంచే నయం. ఒక్కటి గుర్తుంచుకోండి: మెడ మీది రేకు మొత్తం తీసేయాలి, కార్కులూ తిప్పే మూతలూ ముందే తీసి దాచేయాలి. తిప్పే మూత కనిపిస్తే సగం మంది అక్కడికక్కడే ‘ఇది చవకది’ అని తేల్చేస్తారు.

గ్లాసులు మాత్రం తలా ఐదు తెచ్చుకోమన్నాను. ఒక గ్లాసు తాగి కడిగి ఇంకోటి పోసుకుంటే పోలిక జ్ఞాపకం మీద నడుస్తుంది, అది నమ్మదగ్గది కాదు. పక్కపక్కన పెట్టుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి వెనక్కీ ముందుకీ వెళ్తేనే తేడా తెలుస్తుంది. గ్లాసుకు 50 మిల్లీలీటర్లు చాలు. ఐదు గ్లాసులూ పూర్తిగా తాగినా పావు లీటరు, అంటే మామూలుగా పోసుకునే గ్లాసులు రెండు కూడా దాటవు. ఉమ్మేయదల్చుకున్నవాళ్లకు లోపల కనిపించని పేపర్ కప్పు తలా ఒకటి ఇచ్చాను. నలుగురి మధ్య ఒకే గిన్నెలో ఉమ్మడానికి మనవాళ్లు మొహమాటపడతారు, ఎవరి కప్పు వాళ్లకిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంట్లో వాసనల సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఆ రోజు వంట మధ్యాహ్నానికే ముగించి కిటికీలు తెరిచి పెట్టాలి. ఇంగువ పోపు వాసన గంటల తరబడి పోదు. అగరుబత్తి కూడా ఆ పూటకు వద్దు. పక్కన ఉప్పు లేని బిస్కెట్లు, బ్రెడ్, నీళ్లు ఉంటే చాలు. మిర్చి బజ్జీలు, చేగోడీలు టేబుల్ మీదకు వచ్చాయంటే ఆ తర్వాత అన్ని గ్లాసులూ ఒకేలా మండుతాయి.

మార్కులా, ర్యాంకులా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఫలితం దాని మీదే ఆధారపడుతుంది. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పెట్టిన పోటీ గురించి వైన్ తాగేవాళ్లలో చాలామంది విని ఉంటారు. తొమ్మిది మంది ఫ్రెంచి జడ్జీలు లేబుల్ చూడకుండా 20కి మార్కులు వేశారు. తెల్ల వైన్లలో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు షార్డనేలను దాటి నాపా లోయలోని షాటో మాంటెలీనా 1973 మొదటి స్థానంలో నిలిచింది. మా ఇంటికి రెండు గంటల లోపు దూరంలో, క్యాలిస్టోగాలో ఉంది ఆ వైనరీ. అక్కడ మార్కులన్నీ కూడి లెక్కగట్టారు. అలా కూడటంలో ఒక చిక్కుంది. ఒకరు 2 నుంచి 18 దాకా వేస్తారు, ఇంకొకరు మర్యాదకు అన్నిటికీ 12, 13 వేస్తారు. అప్పుడు మొదటివారి ఇష్టమే మొత్తాన్ని లాగేస్తుంది. మనవాళ్లలో మర్యాదస్తులు ఎక్కువ, ఇంటివాళ్లు నొచ్చుకుంటారని తక్కువ మార్కు వేయరు. అందుకే ర్యాంకులు పెట్టాను: బాగా నచ్చినదానికి 1, చివరిదానికి 5. అందరివీ కూడితే తక్కువ వచ్చింది గెలిచినట్టు.

అందరూ రాసేదాకా మాట్లాడకూడదన్న నియమం మాత్రం గట్టిగా పాటించాలి. మేం మొదట్లో పాటించలేదు. రెండో గ్లాసు దగ్గర కింది ఫ్లాట్ తమ్ముడు “పైనాపిల్ కదా?” అన్నాడు. తర్వాత కాగితాలు చూస్తే నలుగురు పైనాపిల్ అని రాశారు. నా కాగితంలో నేను ముందు ‘నిమ్మ’ అని రాసి కొట్టేసి ‘పైనాపిల్’ అని దిద్దుకున్నాను. ఆ కొట్టివేత ఇప్పటికీ నా దగ్గరుంది. విన్న మాట నాలుకను అంతగా లొంగదీసుకుంటుందని చదవడం వేరు, మన చేతిరాతలో చూడటం వేరు.

బావగారి సంచుల్లో ఉన్నవి ఇవీ. ఒకటోది మాకాన్-విలాజ్. రెండోది ఓక్, వెన్న ఉన్న కాలిఫోర్నియా. మూడోది చిలీలో కాసాబ్లాంకా లోయది. పసిఫిక్ చల్లగాలీ పొద్దుటి పొగమంచూ ఉండే చోటు అది, అందుకే అక్కడి షార్డనే రెంటికీ మధ్యలో ఉంటుంది, ధర కూడా తక్కువ. నాలుగోది ఆస్ట్రేలియా. ఐదోది మళ్లీ రెండోదే! అదే వైన్, అదే సంవత్సరం, ఇంకో సీసా. ఇలా ఒకే వైన్‌ను రెండు సంచుల్లో పెట్టమని బావగారికి నేనే చెప్పాను, ఏది పెట్టాలో మాత్రం ఆయన ఇష్టానికి వదిలేశాను.

కూడిక చూస్తే: రెండో సంచికి 17, మొదటి స్థానం. చిలీకి 23. మాకాన్‌కు 25. ఐదో సంచికి 26. ఆస్ట్రేలియాకు 29.

వదిన పార్టీ చప్పట్లు కొట్టింది. బావగారు చీటీ విప్పి రెండూ ఐదూ ఒకటేనని చదవగానే టేబుల్ అంతా నిశ్శబ్దమైపోయింది. ఒకే వైన్ మొదటిదీ అయింది, నాలుగోదీ అయింది. రెండో గ్లాసుకు ‘వెన్న, తీయగా, చాలా బాగుంది’ అని రాసిన వదిన ఐదో గ్లాసుకు ‘చేదు, వాసన లేదు’ అని రాసింది. ఆమె నాలుకలో లోపం లేదు. ఆమె రాసింది ఉన్నదే. నాలుగు సీసాలనూ అరగంట ముందే బయట పెట్టాం. ఐదోది మాత్రం ఫ్రిజ్‌లో వెనకాల ఉండిపోయి, పోసే ముందే బయటికి వచ్చింది. ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీలు ఉంటుంది. షార్డనేకు 10 నుంచి 13 డిగ్రీల మధ్య బాగుంటుంది. అంతకన్నా చల్లగా ఉంటే వాసన మూసుకుపోతుంది, చేదు పైకి తేలుతుంది. అందులోనూ వెన్న రకానికి ఉన్నదంతా వాసనే కాబట్టి దానికి దెబ్బ ఎక్కువ. పైగా నాలుగు గ్లాసుల తర్వాత వచ్చింది.

అందుకే రెండు వైన్లను పోల్చాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇది: ఒకటి తప్పకుండా రెండుసార్లు పెట్టండి. ఆ రెండింటి మధ్య ఎంత తేడా వచ్చిందో చూస్తే మిగతా వాటి మధ్య వచ్చిన తేడాను ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది. మా లెక్కలో చిలీ, మాకాన్‌ల మధ్య తేడా రెండు. ఒకే వైన్‌కు దానికీ దానికీ మధ్య తేడా తొమ్మిది. అలాంటప్పుడు ఆ రెండులో గెలుపేముంది, ఓటమేముంది?

మరి ఒక ఖరీదైన సీసా కూడా రహస్యంగా పెడితే సరదాగా ఉంటుంది కదా అని ఇద్దరు అడిగారు. నేను వద్దన్నాను. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరు వేలకు పైగా బ్లైండ్ టేస్టింగ్ (ఏ వైనో తెలియకుండా రుచి చూడటం) ఫలితాలు చూస్తే, శిక్షణ లేని మామూలు మనుషులు ఖరీదైన వైన్‌ను కొంచెం తక్కువే ఇష్టపడ్డారు. చవకది గెలవడం కూడా కొత్త కాదు. ట్రేడర్ జోస్ దుకాణాల్లో 2002లో 1.99 డాలర్లకు అమ్మకం మొదలైన చార్ల్స్ షా, 2007 కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో ఉత్తమ కాలిఫోర్నియా షార్డనేగా నిలిచింది. 60 డాలర్ల సీసా దాచిపెడితే, అది ఎక్కడుందో కనిపెట్టడమే ఆటగా మారుతుంది. అందరూ తమకు నచ్చినది రాయడం మానేసి ‘ఖరీదైనది ఇదే అయ్యుంటుంది’ అనుకున్నది రాస్తారు. మాకు తెలియాల్సింది వెన్నా పులుపా అన్నది మాత్రమే.

నెల తర్వాత మళ్లీ కూర్చున్నాం. ఈసారి మూడే రకాలు, ఆస్ట్రేలియా తీసేశాం. మంచి సీసాలు అక్కడా ఉంటాయి, ఆ రోజు మేం కొన్నది మాకు నచ్చలేదు, అంతే. అన్నీ ఒకే సమయానికి ఫ్రిజ్ నుంచి బయటికి తీశాం. ఒక్కొక్కరికి ఒక్కో వరసలో పోశారు బావగారు. ముందు చిక్కటిది తాగి పల్చటిదానికి వస్తే అది వట్టి పులుపులా తోస్తుంది, పల్చటిది ముందు తాగితే అదే చక్కగా ఉంటుంది. వరస అందరికీ ఒకటే అయితే ఆ అన్యాయం మొత్తం ఒకే సీసా మీద పడుతుంది. ఎవరూ నోరు విప్పలేదు. ఫలితం: కాలిఫోర్నియా మొదటిది, మాకాన్ దానికి ఒక్క అంకె వెనక, చిలీ కొంచెం దూరంలో.

కాబట్టి ఉత్త గ్లాసు చేతిలో పట్టుకుని సోఫాలో కూర్చుని కబుర్లు చెప్పుకునే పూటకు వెన్న రకమే మేలని నేను ఒప్పుకుంటున్నాను. ఒక గుటకలోనే నోరంతా నింపుతుంది, వైన్ అలవాటు లేనివాళ్లకు కూడా మొదటిసారే నచ్చుతుంది. కాలిఫోర్నియాలో ఈ రుచిని ఇంటింటికీ చేర్చినవాటిలో కెండల్-జాక్సన్ ‘వింట్‌నర్స్ రిజర్వ్’ ఒకటి. 1982 పంటతో మొదలైన ఆ వైన్‌లో తీపి కొంచెం మిగిలి ఉండేది, జనం దాన్నే ఇష్టపడ్డారు. మా వదిన ఇష్టానికి అంత చరిత్ర ఉంది.

అయితే మేం అక్కడితో ఆపలేదు. రెండోసారి సంచులు విప్పకుండానే భోజనం వడ్డించాం. రొయ్యల వేపుడు, కొబ్బరిపాలు పోసిన కోడికూర, బగారా అన్నం, పెరుగు పచ్చడి. ఎవరికి ఏ అంకె కావాలంటే అది పోసుకోమన్నాం.

కొబ్బరిపాల కోడికూరతో కాలిఫోర్నియా సీసా అద్భుతంగా కుదిరింది. కూరలో ఉన్న కమ్మదనమూ వైన్‌లో ఉన్న కమ్మదనమూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రొయ్యల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. వేపుడులో గుంటూరు కారం గట్టిగానే ఉంది. కారం తిన్న నాలుక మీద ఆల్కహాల్ మంట పెంచుతుంది, ఓక్ వగరుగా తగులుతుంది. లేబుల్ మీద కాలిఫోర్నియాది 14.5 శాతం, మాకాన్‌ది 13. ఆ ఒకటిన్నర శాతం కారం మీద స్పష్టంగా తెలిసిపోయింది. మాకాన్ మాత్రం వేపుడు మీద నిమ్మకాయ పిండినట్టు పనిచేసింది: నూనె కోసింది, రొయ్య తీపిని బయటికి తెచ్చింది, ఇంకో ముద్ద అడిగింది. పెరుగు పచ్చడి పక్కన చిలీది కూడా బాగానే నడిచింది. ఎక్కడా మెరవలేదు, ఎక్కడా చెడగొట్టలేదు. పాతిక మందిని పిలిచే పార్టీకి, సీసా పది, పన్నెండు డాలర్లలో కావాలంటే నేను చిలీదే పెట్టెతో కొంటాను.

భోజనం అయ్యాక బావగారు సంచులు ఎత్తి చూశారు. ఒకటో నంబరు ఖాళీ. మిగతా రెండింటిలో మూడో వంతు చొప్పున మిగిలింది. ఎక్కువగా ఒకటో నంబరు పోసుకున్నది ఎవరా అని అటూ ఇటూ చూసుకుంటే, వదిన గ్లాసు పక్కనే ఉంది ఆ సంచి. ఆమె రొయ్యలు రెండుసార్లు వడ్డించుకుంది.

సంచి విప్పి సీసా చేతికిస్తే ఆమె లేబుల్ ఇటూ అటూ తిప్పి చూసింది. “దీని మీద షార్డనే అని ఎక్కడా లేదేంటి? షాపులో ఎలా కనుక్కోవాలి?” అంది.

ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ద్రాక్ష పేరు వేయరు, ఊరి పేరే వేస్తారని చెప్పాను. మాకాన్ అని ఉన్న తెల్ల వైన్ అంటే షార్డనేనే. అసలు ఆ ప్రాంతంలోనే షార్డనే అనే పేరుతో ఒక పల్లె కూడా ఉంది. వదిన ఫోను తీసి లేబుల్‌ను దగ్గరగా ఫోటో తీసుకుంది, ‘మాకాన్’ అన్న అక్షరాలు మసక రాకుండా రెండోసారి కూడా తీసింది.